అమెరికా కళాశాల ప్రవేశ దరఖాస్తు: చారిత్రక పరిణామం, విద్యార్థిపై పెరిగిన బాధ్యత

వ్యాససంగ్రహం

అమెరికాలో ఉన్నత పాఠశాల చివరి సంవత్సరం చదివే విద్యార్థి సమర్పించే కళాశాల ప్రవేశ దరఖాస్తు ఒకే కాలంలో, ఒకే ఆలోచనతో రూపొందినది కాదు. మార్కుల పట్టిక, ప్రామాణిక పరీక్ష, వ్యక్తిగత వ్యాసం, సిఫారసు లేఖ, ఆర్థిక సహాయ పత్రం ఒక్కొక్కటి ఒక్కొక్క కాలపు అవసరం నుంచి పుట్టాయి. వాటిలో కొన్ని ప్రవేశ ద్వారాన్ని విశాలం చేయడానికి వచ్చాయి. కొన్ని కొందరిని బయట ఉంచడానికి ఉపయోగపడ్డాయి. కొత్త పత్రం వచ్చినప్పుడు పాతది సాధారణంగా తొలగిపోలేదు. ఫలితంగా ఒకప్పుడు కళాశాల, పాఠశాల మోసిన పనిలో పెద్ద భాగం విద్యార్థి మీద, అతని కుటుంబం మీద పడింది. ఈ పరిణామాన్ని కాలక్రమంలో పరిశీలించి, దాని సామాజిక పర్యవసానాలను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: అమెరికా ఉన్నత విద్య, ప్రవేశ విధానం, దరఖాస్తు, కామన్ అప్లికేషన్, సిఫారసు లేఖ, వ్యక్తిగత వ్యాసం, సామాజిక అసమానత.

1. ఉపోద్ఘాతం

అమెరికాలో ఉన్నత పాఠశాల విద్య సాధారణంగా తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల వరకు సాగుతుంది. చివరిదైన పన్నెండవ తరగతిని 'సీనియర్ ఇయర్' అంటారు. కళాశాలలో చేరదలచిన విద్యార్థి ఆ సంవత్సరం మొదటి సగంలో తరగతి చదువుతో పాటు మరొక పెద్ద పనిని కూడా నిర్వహించుకోవాలి. ఏయే కళాశాలలకు దరఖాస్తు చేయాలో నిర్ణయించుకోవాలి. ఒక్కొక్క కళాశాల అడిగే పత్రాలేమిటో, గడువు ఏ రోజుతో ముగుస్తుందో పట్టిక వేసుకోవాలి. ఉపాధ్యాయులను ముందుగానే కలిసి సిఫారసు లేఖలు కోరాలి. వ్యాసాలు రాయాలి, తిరగరాయాలి. తల్లిదండ్రుల ఆదాయ వివరాలు సేకరించాలి.

ఎక్కువ కళాశాలలు ఉపయోగించే కామన్ అప్లికేషన్ ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది. ముందస్తు ప్రవేశానికి నవంబరు 1 లేదా 15, సాధారణ ప్రవేశానికి జనవరి ఆరంభం గడువులుగా ఉండడం పరిపాటి. చేరే కళాశాలను మే 1లోగా తేల్చి చెప్పాలి.

ఈ పని ఎలా చేసుకోవాలో చెప్పే మార్గదర్శక పుస్తకాలు అనేకం ఉన్నాయి. ఇంత పని ఎందుకు ఏర్పడిందన్న ప్రశ్న మాత్రం చరిత్రకు సంబంధించినది. హెరాల్డ్ వెక్స్‌లర్ 'ది క్వాలిఫైడ్ స్టూడెంట్' (1977), మార్సియా సినాట్ 'ది హాఫ్-ఓపెన్డ్ డోర్' (1979), జెరోమ్ కారబెల్ 'ది చోజెన్' (2005) గ్రంథాలు ప్రవేశ విధానాల చరిత్రను లోతుగా చర్చించాయి. వాటి దృష్టి ప్రధానంగా సంస్థల మీద ఉంది. ఆ సంస్థలు తీసుకున్న నిర్ణయాలు దరఖాస్తుదారు చేతిలోని కాగితాలుగా ఎలా మారాయన్నది ఇక్కడ పరిశీలనాంశం.

2. కళాశాల గుమ్మం నుంచి పాఠశాల ధ్రువపత్రానికి

17వ శతాబ్దపు హార్వర్డ్‌లో చేరదలచినవాడు లాటిన్ గద్యాన్ని చూసి అర్థం చెప్పగలగాలి, లాటిన్‌లో రాయగలగాలి, గ్రీకు శబ్దరూపాలు తెలిసి ఉండాలి. విద్యార్థి స్వయంగా వెళ్లి అధ్యాపకుల ఎదుట పరీక్షకు నిలబడేవాడు. సత్ప్రవర్తనను ధ్రువీకరించే లేఖ తరువాతి కాలంలో చాలా కళాశాలలు అడిగాయి. అయితే అది లాంఛనమే. పరీక్షించే బాధ్యత పూర్తిగా కళాశాలదే.

ఈ పద్ధతికి తొలి పెద్ద ప్రత్యామ్నాయం పశ్చిమాన ఏర్పడింది. మిషిగన్ విశ్వవిద్యాలయం 1870-71లో ధ్రువపత్ర విధానం ప్రవేశపెట్టింది. విశ్వవిద్యాలయ అధ్యాపకులు ఉన్నత పాఠశాలలను సందర్శించి, బోధన సంతృప్తికరంగా ఉన్నవాటిని ఆమోదించేవారు. ఆ పాఠశాలలో ఉత్తీర్ణుడై, అక్కడి ధ్రువపత్రం తెచ్చుకున్న విద్యార్థికి ప్రవేశ పరీక్ష ఉండదు. ఇక్కడ పరీక్షకు గురయ్యేది పాఠశాల. విద్యార్థి చేయవలసింది ఆ ధ్రువపత్రాన్ని అందజేయడమే. ప్రభుత్వ ధనంతో నడిచే విశ్వవిద్యాలయం ప్రభుత్వ పాఠశాలలతో ఒకే సోపానంగా ఉండాలన్న భావన దీని వెనుక ఉంది.

1906 తరువాత కార్నెగీ ఫౌండేషన్ చర్య పాఠశాల రికార్డుకు ఒక కొలమానం ఇచ్చింది. ఆ సంస్థ కళాశాల ఆచార్యులకు పింఛను ఇవ్వడానికి పూనుకొని, ప్రవేశానికి 14 యూనిట్ల ఉన్నత పాఠశాల చదువు కోరే కళాశాలలకే దానిని వర్తింపజేసింది. ఒక విషయాన్ని ఏడాదిలో 120 గంటలు చదివితే ఒక యూనిట్. ఆచార్యుల పింఛను కోసం పుట్టిన ఈ లెక్క విద్యార్థి మార్కుల పట్టికకు, అంటే నేటి 'ట్రాన్‌స్క్రిప్ట్'కు, స్థిరమైన ఆకృతి నిచ్చింది.

3. ఉమ్మడి పరీక్ష: 1900–1919

తూర్పు తీరంలోని కళాశాలలు ఎవరి పరీక్ష వారే పెట్టుకునేవి. ఒకే పాఠశాలలో వేర్వేరు కళాశాలల కోసం వేర్వేరు పాఠాలు చెప్పవలసి వచ్చేది. ఈ గందరగోళాన్ని తొలగించడానికి 1900లో కాలేజ్ ఎంట్రన్స్ ఎగ్జామినేషన్ బోర్డు ఏర్పడింది. కొలంబియాకు చెందిన నికొలస్ మరే బట్లర్, హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ దీనికి ముఖ్య ప్రోత్సాహకులు. 1901 జూన్‌లో జరిగిన తొలి పరీక్షలకు హాజరైనవారు 973 మంది. అభ్యర్థులు సమాధానాలను వ్యాసరూపంలో రాసేవారు.

బోర్డు ఆశయం సరళీకరణ. ఒక పరీక్ష రాస్తే అనేక కళాశాలలకు సరిపోవాలి. కళాశాలలు మాత్రం ఆ ఫలితాన్ని ఎలా వాడుకోవాలన్న నిర్ణయాధికారాన్ని తమ వద్దనే ఉంచుకున్నాయి. పత్రాలు ఉమ్మడివి, నిర్ణయం ఎవరిది వారిది అనే ఈ ఏర్పాటు నేటికీ కొనసాగుతోంది. అయితే ఆనాడు అర్హత పొందినవారికి సాధారణంగా చోటు దొరికేది. పరీక్షలో నెగ్గినవాడు తనను గురించి వేరుగా ఏమీ చెప్పుకోనక్కరలేదు.

4. ప్రశ్నపత్రం నుంచి వివరపత్రానికి: 1919–1926

దరఖాస్తు చరిత్రలో ఇది నిర్ణాయక దశ. మొదటి ప్రపంచయుద్ధం తరువాత కళాశాలలకు వచ్చేవారి సంఖ్య పెరిగింది. పరీక్షలో నెగ్గినవారందరికీ చోటు లేని స్థితి ఏర్పడింది. అదే సమయంలో తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు, ముఖ్యంగా న్యూయార్క్ ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారు, ప్రవేశ పరీక్షల్లో రాణించసాగారు. హార్వర్డ్‌లో 1900లో సుమారు 7 శాతంగా ఉన్న యూదు విద్యార్థులు 1922 నాటికి 21 శాతం దాటారు. పరీక్ష ఒక్కటే ప్రమాణమైతే ఈ సంఖ్యను అదుపు చేయడం సాధ్యం కాదని కళాశాలల పాలకులు గ్రహించారు.

కొలంబియా 1919లో కొత్త దరఖాస్తు పత్రం ప్రవేశపెట్టింది. అందులో అభ్యర్థి మతం, తండ్రి జన్మస్థలం, తల్లి పుట్టింటి పేరు అడిగారు. ఛాయాచిత్రం జతచేయమన్నారు. హార్వర్డ్ 1922లో తన పత్రంలో ఇటువంటి ప్రశ్నలే చేర్చి, పుట్టిన తరువాత అభ్యర్థి పేరులో గాని తండ్రి పేరులో గాని మార్పు జరిగిందా అని కూడా అడిగింది. ఇంటిపేరు మార్చుకున్న యూదు కుటుంబాలను గుర్తించడం ఈ ప్రశ్న ఉద్దేశం. ఆ ఏడాదే హార్వర్డ్ అధ్యక్షుడు లారెన్స్ లోవెల్ యూదు విద్యార్థులకు 15 శాతం పరిమితి విధించాలని తలపెట్టాడు. బహిరంగ వివాదం చెలరేగింది. అధ్యాపక సంఘం 1923లో ఆ పరిమితిని తిరస్కరించింది.

ఇక్కడ ఒక విశేషాన్ని గమనించాలి. అదే సంఘం, మంచి పాఠశాలల్లో తమ తరగతి తొలి ఏడవ వంతులో నిలిచినవారికి పరీక్ష లేకుండా ప్రవేశం ఇవ్వవచ్చని సూచించింది. దక్షిణ, పశ్చిమ ప్రాంతాల చిన్న పట్టణాల విద్యార్థులను ఆకర్షించడం దాని ఉద్దేశం. ఆచరణలో యూదు విద్యార్థుల సంఖ్య ఇంకా పెరిగింది. అప్పుడు 1926లో హార్వర్డ్ మరో మార్గం ఎంచుకుంది. అభ్యర్థి 'శీలం', 'యోగ్యత' ప్రవేశ నిర్ణయంలో ముఖ్యాంశాలయ్యాయి. ఛాయాచిత్రం తప్పనిసరైంది. యూదు విద్యార్థుల శాతం గణనీయంగా తగ్గింది. పరిమితి అన్న మాట ఎక్కడా లేకుండానే పరిమితి అమలైంది.

శీలం అనే ప్రమాణాన్ని కొలవాలంటే దానికి ఆధారాలు కావాలి. ముఖాముఖి, ప్రధానోపాధ్యాయుని అభిప్రాయం, పూర్వ విద్యార్థుల నివేదిక, ఆటలు, సంఘాల్లో పాల్గొన్న వివరాలు ఆ ఆధారాలయ్యాయి. లాంఛనంగా ఉండిన సత్ప్రవర్తన లేఖ అభ్యర్థుల మధ్య ఎంపికకు సాధనమైంది. నేడు పన్నెండవ తరగతి విద్యార్థి శ్రద్ధగా కూర్చే అంశాల్లో సగం ఈ దశలో స్థిరపడినవే. కారబెల్ ప్రధాన వాదన కూడా ఇదే.

అయితే పుట్టుక ఏదైనా, ప్రతి అంశం శాశ్వతంగా ఒకే ప్రయోజనానికి కట్టుబడి ఉండదు. పేద విద్యార్థి ఇంటి బాధ్యతలు, సాయంత్రపు ఉద్యోగం, ఎదుర్కొన్న కష్టాలు ప్రవేశాధికారి కంటికి కనిపించేది కూడా ఈ వివరపత్రం ద్వారానే. బయట ఉంచడానికి వాడిన సాధనమే తరువాత లోపలికి పిలవడానికి కూడా ఉపయోగపడింది.

5. ప్రామాణిక పరీక్ష, ఆర్థిక సహాయం

'శాట్' పరీక్షను కార్ల్ బ్రిగమ్ నాయకత్వంలో రూపొందించి, 1926 జూన్ 23న తొలిసారి నిర్వహించారు. 8,040 మంది రాశారు. 1933లో హార్వర్డ్ అధ్యక్షుడైన జేమ్స్ కోనంట్, దూర ప్రాంతాల ప్రతిభావంతులకు జాతీయ ఉపకారవేతనాలు ఇవ్వడానికి ఈ పరీక్షను ఉపకరణంగా స్వీకరించాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, బోర్డు పాత వ్యాసరూప పరీక్షలు ఆగిపోయి శాట్ నిలిచింది. 1947 డిసెంబరులో ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ ఏర్పడింది. 1959లో అయోవా విశ్వవిద్యాలయం నుంచి 'ఏసీటీ' పోటీగా వచ్చింది.

ఉపకారవేతనం అవసరాన్ని బట్టి ఇవ్వాలంటే కుటుంబ ఆర్థిక స్థితిని లెక్కించాలి. 1954లో కాలేజ్ స్కాలర్‌షిప్ సర్వీస్ ఏర్పడి, తల్లిదండ్రుల నుంచి ఆదాయ, ఆస్తి వివరాలు సేకరించే ఉమ్మడి పత్రం ప్రవేశపెట్టింది. 1965 ఉన్నత విద్యా చట్టం, తరువాత పెల్ గ్రాంటుగా పేరుపొందిన 1972 నాటి సహాయ పథకం సమాఖ్య ప్రభుత్వాన్ని ఇందులోకి తెచ్చాయి. 1992 చట్ట సవరణ ద్వారా ఉచిత ఉమ్మడి పత్రమైన 'ఫాఫ్సా' ఏర్పడింది. పాత పత్రం మాత్రం అంతరించలేదు. అనేక ప్రైవేటు కళాశాలలు నేటికీ ఫాఫ్సాతో పాటు సీఎస్ఎస్ ప్రొఫైల్‌ను కూడా కోరతాయి.

ఫాఫ్సాలోని వందకు పైగా ప్రశ్నలను బాగా తగ్గించాలని 2020లో చట్టం చేశారు. అక్టోబరు 1న రావలసిన కొత్త పత్రం 2023 డిసెంబరు చివరి రోజుల్లో గాని తెరుచుకోలేదు. కళాశాలలకు వివరాలు చేరడం 2024 మార్చి దాకా సాగింది. సహాయం ఎంతో తెలియకుండా మే 1న నిర్ణయం చెప్పలేని పరిస్థితి ఏర్పడి, అనేక కళాశాలలు గడువు పొడిగించాయి. సొంతంగా ఖర్చు భరించగల కుటుంబానికి ఈ జాప్యం వార్త మాత్రమే. సహాయం మీద ఆధారపడిన కుటుంబానికి అది కళాశాల చదువునే ప్రశ్నార్థకం చేసింది.

6. కామన్ అప్లికేషన్: సరళీకరణ, దాని ఫలితం

1975లో 15 ప్రైవేటు కళాశాలలు ఒకే దరఖాస్తు పత్రాన్ని అంగీకరించాయి. విద్యార్థి ఒకసారి టైపు చేసి, ప్రతులు తీయించి పంపితే చాలు. 1998లో అది ఆన్‌లైన్‌కు మారింది. నేడు వెయ్యికి పైగా కళాశాలలు అందులో ఉన్నాయి. గరిష్ఠంగా 650 పదాల వ్యాసం, పది కార్యకలాపాల జాబితా, ఒక్కొక్క దానికి 150 అక్షరాల వివరణ అందులోని ప్రధాన అంశాలు.

ఒక్కొక్క దరఖాస్తుకు పట్టే శ్రమ తగ్గడంతో ఒక్కొక్క విద్యార్థి పంపే దరఖాస్తుల సంఖ్య పెరిగింది. కళాశాలకు వచ్చే దరఖాస్తులు పెరిగి, ఎంపికయ్యేవారి శాతం తగ్గింది. ఆ శాతం తగ్గేకొద్దీ విద్యార్థుల్లో భయం పెరిగి, మరికొన్ని దరఖాస్తులు పంపసాగారు. 1983లో మొదలైన 'యు.ఎస్. న్యూస్' ర్యాంకుల్లో ప్రవేశ శాతానికి చాలాకాలం స్థానం ఉండడం కళాశాలలకు కూడా ఈ ధోరణిని లాభసాటి చేసింది. ఉమ్మడి పత్రంలో అందరూ ఒకేలా కనిపిస్తారు కనుక, తమ పట్ల నిజమైన ఆసక్తి ఉన్నవారిని గుర్తించడానికి కళాశాలలు అనుబంధ వ్యాసాలు అడగసాగాయి. ఒకే పత్రం అన్న ఆశయంతో మొదలైనది ఒక ఉమ్మడి వ్యాసం, దానిపై పది పన్నెండు ప్రత్యేక వ్యాసాలుగా పరిణమించింది.

ముందస్తు ప్రవేశం ఈ పనిని మరింత ముందుకు జరిపింది. క్రిస్టఫర్ ఏవరీ, ఆండ్రూ ఫెయిర్‌బ్యాంక్స్, రిచర్డ్ జెక్‌హౌజర్ 'ది ఎర్లీ అడ్మిషన్స్ గేమ్' (2003)లో ముందస్తుగా దరఖాస్తు చేయడం వల్ల కలిగే లాభం శాట్‌లో సుమారు 100 మార్కులు అదనంగా తెచ్చుకోవడంతో సమానమని అంచనా వేశారు. ఎంపికైతే చేరి తీరాలన్న షరతు ఉన్నచోట ఆర్థిక సహాయ ప్రతిపాదనలను పోల్చి చూసుకునే అవకాశం విద్యార్థికి ఉండదు. కనుక ఈ లాభం ఖర్చును లెక్కచేయనక్కరలేని కుటుంబాలకే ఎక్కువగా అందుతుంది.

7. రాష్ట్ర విశ్వవిద్యాలయాల భిన్న మార్గం

ధ్రువపత్ర విధానపు స్ఫూర్తి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పూర్తిగా అంతరించలేదు. 1960 నాటి కాలిఫోర్నియా మాస్టర్ ప్లాన్, ఉన్నత పాఠశాల పట్టభద్రుల్లో తొలి 12.5 శాతం మందిని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వ్యవస్థకు, తొలి మూడవ వంతును రాష్ట్ర కళాశాలల వ్యవస్థకు అర్హులుగా నిర్దేశించింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ దరఖాస్తులో సాధారణంగా సిఫారసు లేఖలు అవసరం లేదు. ఎనిమిదింటిలో నాలుగు ప్రశ్నలకు 350 పదాల లోపు సమాధానాలు రాస్తే చాలు.

టెక్సస్ 1997లో చేసిన చట్టం ప్రకారం తరగతిలో తొలి పది శాతంలో నిలిచినవారికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ప్రవేశ హక్కు లభించింది. హార్వర్డ్ నాటి ఏడవ వంతు పద్ధతికి ఇది దూరపు బంధువు. ఒకచోట అనుకోని వారికి తలుపు తెరిచిందన్న కారణంగా ఆ పద్ధతి ప్రాముఖ్యం కోల్పోతే, మరొకచోట ఆ కారణంగానే దానిని చట్టం చేశారు.

8. పత్రాలను కూర్చేది ఎవరు?

దరఖాస్తును సమకూర్చడం వ్యక్తిగత క్రమశిక్షణగా కనిపిస్తుంది. నిజానికి అది సంస్థాగత సహాయం మీద ఆధారపడిన పని. మార్కుల పట్టిక, పాఠశాల నివేదిక, సంవత్సర మధ్య నివేదిక పంపవలసినది పాఠశాల కౌన్సెలర్. ఒక కౌన్సెలర్‌కు 250 మంది విద్యార్థులు మించరాదని అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ సిఫారసు. జాతీయ సగటు ఈ సంఖ్యను చాలా మించి ఉంది. విద్యార్థి ముఖం కూడా గుర్తుండని కౌన్సెలర్ రాసే లేఖకూ, చిన్న ప్రైవేటు పాఠశాలలో నాలుగేళ్లుగా ఎరిగిన కౌన్సెలర్ రాసే లేఖకూ ఉన్న తేడాను దరఖాస్తుదారు పూడ్చలేడు. ప్యాట్రిషియా మెక్‌డనో 'చూజింగ్ కాలేజెస్' (1997)లో, సామాజిక వర్గమూ పాఠశాలా కలిసి విద్యార్థి ఆకాంక్షల పరిధినే నిర్ణయిస్తాయని నిరూపించింది. ఇక 2019లో బయటపడిన 'వర్సిటీ బ్లూస్' కుంభకోణంలో సంపన్న తల్లిదండ్రులు క్రీడా ప్రతిభను, పరీక్ష ఫలితాలను డబ్బుతో సృష్టించారు. వివరపత్రం ఎంత విస్తరిస్తే కల్పనకు అంత చోటుంటుందని అది తెలియజేసింది.

1965 వలస చట్టం తరువాత, 1990ల నుంచి మరింతగా, అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ వ్యవస్థను రెండో తరం పిల్లల ద్వారా ఎదుర్కొన్నాయి. ఆ తల్లిదండ్రుల్లో చాలామందికి పరిచయమైన ప్రవేశ విధానం ఎంసెట్. అక్కడ ఒక పరీక్ష, ఒక ర్యాంకు, కన్వీనరు ప్రకటించే తేదీలు, ధ్రువపత్రాల పరిశీలన, కౌన్సెలింగ్. ర్యాంకు పద్ధతి కోచింగు సంస్థలను పెంచి పోషించిందన్న విమర్శ వాస్తవమే. కాని అక్కడ అభ్యర్థి తానెవరో చెప్పుకోనక్కరలేదు. ఆత్మస్తుతిని పరనిందతో సమానమైన దోషంగా ఎంచే సంప్రదాయంలో పెరిగినవారికి, పదిహేడేళ్ల బిడ్డ తన గుణగణాలను 650 పదాల్లో తానే వివరించుకోవాలన్నది వింతగా తోచడం సహజం. కుటుంబ జ్ఞానం పనికిరాని చోట ఆ జ్ఞానాన్ని కొనుక్కోవలసి వస్తుంది. స్తోమత ఉన్నవారు ప్రైవేటు కౌన్సెలర్‌ను ఆశ్రయించగలరు. లేనివారి పిల్లలు తమంతట తామే నేర్చుకోవాలి.

9. మళ్లీ 'శీలం' ప్రశ్న: 2023 తీర్పు

1978 నాటి బాకీ తీర్పు జాతిని ప్రవేశ నిర్ణయంలో అనేక అంశాల్లో ఒకటిగా పరిగణించవచ్చని అంగీకరించింది. జస్టిస్ పావెల్ తన అభిప్రాయంలో హార్వర్డ్ విధానాన్ని ఆదర్శంగా పేర్కొన్నాడు. అదే విధానంపై 2014లో వేసిన దావాలో, అభ్యర్థి వ్యక్తిత్వానికి హార్వర్డ్ ఇచ్చే అంకెలో ఆసియా అమెరికన్ విద్యార్థులకు అన్యాయం జరుగుతోందన్న ఆరోపణ కీలకమైంది. 1920ల నాటి 'శీలం' చర్చ మరో సమాజం విషయంలో తిరిగి ముందుకు వచ్చింది. జిల్లా న్యాయస్థానం 2019లో ఉద్దేశపూర్వక వివక్ష లేదని తీర్పు చెప్పింది. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు జాతి ఆధారిత ప్రవేశ విధానాన్ని రద్దు చేసింది.

అయితే జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో అభ్యర్థి రాసుకుంటే, దానిని వ్యక్తిగత అనుభవంగా పరిగణించడానికి అడ్డులేదని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ తీర్పులో పేర్కొన్నాడు. ఫలితంగా ఒక గడిలో గుర్తు పెట్టి చెప్పే విషయాన్ని ఇప్పుడు వ్యాసంగా చెప్పవలసి వస్తోంది. దేశం తేల్చుకోలేకపోయిన ప్రశ్నకు సమాధానం రాసే పని కూడా విద్యార్థికే సంక్రమించింది.

10. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. కళాశాల ప్రవేశ దరఖాస్తులోని అంశాలు వేర్వేరు కాలాల్లో, పరస్పర విరుద్ధమైన ప్రయోజనాల కోసం ఏర్పడ్డాయి. వాటిని కలిపి 'సమగ్ర మూల్యాంకనం' అనడం తరువాతి కాలపు సమర్థన.

2. ధ్రువపత్ర విధానంలో పాఠశాల, ఉమ్మడి పరీక్షలో బోర్డు మోసిన భారం 1919 తరువాత క్రమంగా అభ్యర్థికి బదిలీ అయింది.

3. 1900 నాటి బోర్డు, 1975 నాటి కామన్ అప్లికేషన్, 1992 నాటి ఫాఫ్సా మూడూ సరళీకరణ కోసమే వచ్చాయి. కళాశాలలు తమ నిర్ణయ స్వేచ్ఛను వదులుకోనందున, తగ్గిన పని స్థానంలో కొత్త పని చేరింది.

4. ఒక ప్రమాణం న్యాయమైనదా కాదా అన్నది దాని స్వభావంలో మాత్రమే లేదు. తరగతి ర్యాంకు హార్వర్డ్‌లో ఒక ఫలితాన్ని, టెక్సస్‌లో మరొక ఫలితాన్ని ఇచ్చింది. ఆ ప్రమాణాన్ని ఎవరు, ఏ ఉద్దేశంతో ప్రయోగిస్తున్నారన్నది కూడా అంతే ముఖ్యం.

5. దరఖాస్తును వేళకు, చక్కగా సమకూర్చుకోవడం విద్యార్థి యోగ్యతకు నిదర్శనంగా చెలామణి అవుతోంది. అందులో అతని ప్రతిభ ఎంతో, అతనికి దొరికిన సహాయం ఎంతో వేరుచేసి చూపే ప్రశ్న ఆ పత్రాల్లో లేదు. ప్రవేశ సంస్కరణల మీద జరిగే చర్చ ఈ లోపాన్ని కేంద్రంగా చేసుకోవలసి ఉంది.